పన్నెండేళ్ళవాడికి స్లెడ్: కొనాలా, వద్దా? (మిన్నెసోటా)

మేపుల్‌గ్రోవ్_మూర్తి | జనవరి 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా మంచు అంటే ఐస్ గోళాయే. ఇప్పుడు మా ఇంట్లో మంచు మీద యుద్ధం నడుస్తోంది.

మావాడికి పన్నెండు నిండాయి. డిసెంబరులో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి, ఇక్కడ స్లెడ్ అనే అంటారు) సేఫ్టీ కోర్సు పాసయ్యాడు. పక్కింటాయన రిటైరైన పెద్దమనిషి, ఇక్కడి స్లెడ్ క్లబ్బులో పాత సభ్యుడు. తన షెడ్డులో ఉన్న 1998 నాటి టూ-స్ట్రోక్ స్లెడ్ 900 డాలర్లకు ఇస్తానన్నాడు. మావాడు ఆ రోజు నుంచి హోంవర్కు అడక్కుండానే చేస్తున్నాడు.

మా అమ్మాయికి పదహారు. స్కూల్లో పర్యావరణ క్లబ్బు. "ఆ పొగబండి గరాజ్‌లోకి వస్తే నేను బేస్‌మెంట్‌లోంచి బయటికి రాను" అంది. దానికి కోపం బండి మీదా, తమ్ముడి మీదా అన్నది వేరే సంగతి.

నిజంగా అంత చెడ్డదా ఈ బండి? పిల్లవాడికి నేర్పించేటప్పుడు అడవికీ చెరువుకీ కీడు చేయకుండా నేర్పించే దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

డులూత్_దొర | జనవరి 9, రాత్రి 10:51

మూర్తిగారూ, ముందు మీవాడికి అభినందనలు. కొత్తవాళ్ళ కోసం రూల్సు చెప్పేస్తా. మిన్నెసోటాలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళు ఎవరైనా స్లెడ్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. పదకొండేళ్ళకే కోర్సు చేయొచ్చు కానీ సర్టిఫికెట్ చెల్లేది పన్నెండు నిండాకే. పద్నాలుగు లోపు పిల్లలు హైవే గానీ కౌంటీ రోడ్డు గానీ బండి మీద దాటకూడదు. రోడ్డు వచ్చిందంటే దిగాలి, మీరు దాటించాలి. పద్దెనిమిది లోపు హెల్మెట్ తప్పనిసరి. ప్రభుత్వ భూముల్లో గంటకు 50 మైళ్ళు మించకూడదు.

బండి సంగతి ఇంజినీర్లు చెబుతారు. నేను ట్రైల్ సంగతి, అంటే స్లెడ్‌లు తిరిగే దారుల సంగతి, రేపు రాస్తా, నిద్దరొస్తోంది.

కోనసీమ_కాకి | జనవరి 9, రాత్రి 11:03

మేం హ్యూస్టన్‌లో ఫ్రీజర్ డీఫ్రాస్ట్ చేసినప్పుడే మంచు చూసేది. పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

ఎమ్మెస్_హాటన్ | జనవరి 10, ఉదయం 7:30

మూర్తి అన్నా, దీని మీద నేను మాట్లాడకపోతే పాపం తగులుతుంది. మిషిగన్ టెక్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు రెండేళ్ళు క్లీన్ స్నోమొబైల్ చాలెంజ్ టీంలో ఉన్నాను. కాలేజీ విద్యార్థులు మామూలు స్లెడ్ తీసుకుని పొగ, మోత తగ్గించి, మైలేజీ పెంచి తీసుకురావాలి. ఈ పోటీ 2000లో వ్యోమింగ్‌లో మొదలైంది, 2003 నుంచి మా కాలేజీ ఉన్న హాటన్‌కి వచ్చింది. మా ఊళ్ళో చలికాలానికి 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. ఎక్కడికీ పోలేం కాబట్టి ఇంజిన్లు విప్పుకుంటూ కూర్చునేవాళ్ళం.

మన బజాజ్ చేతక్ గుర్తుందా? బంకులో పెట్రోలుతోపాటు టూటీ ఆయిల్ కొలిచి పోసేవాడు. బెజవాడ బెంజి సర్కిల్లో పాత ఆటో వెనక ఇరుక్కుంటే వచ్చే నీలి పొగ? ఆ 1998 స్లెడ్ అచ్చం అదే, కాకపోతే ఇంకా పెద్ద ఇంజిన్. పాత రకం టూ-స్ట్రోక్‌లో కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ, కాలిన పొగ బయటికి పోయే దారీ కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ సందులో నాలుగో వంతు దాకా పెట్రోలు కాలకుండానే, ఆయిల్‌తో సహా తోకగొట్టంలోంచి వెళ్ళిపోతుంది. మీరు బంకులో కొన్నదాంట్లో పావు వంతు ట్రైల్ పక్క మంచు మీద చల్లుతున్నట్టే. ఆ మంచు ఏప్రిల్ దాకా అన్నీ దాచుకుంటుంది. కరిగేటప్పుడు వాగులోకీ చెరువులోకీ ఒక్కసారే వదులుతుంది.

ఇంకోటి. స్నోమొబైళ్ళకు ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ పొగ పరిమితులు పెట్టింది 2002లో, అమలైంది 2006 మోడళ్ళ నుంచి. అంటే ఆ బండి పుట్టినప్పుడు దాని పొగ గురించి అడిగేవాడే లేడు.

అలాగని టూ-స్ట్రోక్ అంటే అంతా చెడ్డదని కాదు. ఈమధ్య వచ్చేవాటిలో పొగ దారి మూసుకోబోయే వేళకి పెట్రోలును నేరుగా సిలిండర్లోకి కొడతారు. తేడా పగలూ రాత్రీ అంత ఉంటుంది. కానీ పిల్లవాడికి అంత బలమైన బండి దేనికి? 2018 మోడల్ నుంచి పిల్లల కోసం 200 సీసీ ఫోర్-స్ట్రోక్‌లు (పెట్రోలులో ఆయిల్ కలపని ఇంజిన్లవి) వచ్చాయి. ఆర్కిటిక్ క్యాట్‌ది ఒకటి, యమహాది ఒకటి. సెకండ్ హ్యాండ్ వెతకండి. 120 సీసీవి మరీ చిన్నపిల్లలకు, మీవాడి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

పల్నాటి_పిడుగు | జనవరి 10, ఉదయం 9:15

అందరూ స్లెడ్ పొగ లెక్కేస్తున్నారు, దాన్ని లాక్కెళ్ళే పికప్ లెక్క ఎవరూ వేయరేం?

మిన్నియాపోలిస్ నుంచి డులూత్‌కి 155 మైళ్ళు. రానూపోనూ 310. ట్రైలర్ కట్టుకుంటే ట్రక్కు గాలనుకు 12 మైళ్ళు ఇస్తే గొప్ప. అంటే 26 గాలన్ల దాకా పెట్రోలు. అక్కడికెళ్ళి పిల్లవాడు రోజంతా తొక్కినా ముప్ఫై నలభై మైళ్ళు, మూడు నాలుగు గాలన్లు. ఇడ్లీ తినడానికి కారేసుకుని నెల్లూరు వెళ్ళినట్టుంది. పర్యావరణం మీద అంత ప్రేముంటే ఇంటి దగ్గరి ట్రైల్లో తొక్కించండి, లేదా వెళ్ళిన ప్రతిసారీ రెండు రాత్రులు ఉండి రండి. బండి ఏ స్ట్రోకన్నది తర్వాత సంగతి.

ఎమ్మెస్_హాటన్ | జనవరి 10, ఉదయం 9:48

పిడుగన్నా, కార్బన్ లెక్కలో నీదే రైటు. కానీ రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నావు. ట్రక్కు పొగ గొట్టానికి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, కాలని పెట్రోలు దాదాపు బయటికి రాదు. పాత స్లెడ్ గాలను తాగి వదిలే విషం, ట్రక్కు గాలను తాగి వదిలే విషం ఒకటి కాదు. పైగా ఆ స్లెడ్ వెనక వరసలో పీల్చేది మూర్తిగారే.

పల్నాటి_పిడుగు | జనవరి 10, ఉదయం 9:55

సరే ఒప్పుకున్నా. ట్రక్కు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

శారద_రోచెస్టర్ | జనవరి 10, మధ్యాహ్నం 1:20

మీ అమ్మాయి వైపు ఒక్కరైనా ఉండాలి కదా, నేనుంటాను. మూర్తిగారూ, అసలు ఈ ఆట ఎందుకు? స్కీలున్నాయి, మంచులో కూరుకుపోకుండా కాళ్ళకు కట్టుకునే స్నోషూలున్నాయి. పోయినేడాది మేం స్నోషూ వేసుకుని అడవిలోకి వెళ్ళాం. చెట్టు మీంచి మంచు రాలే చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. అరమైలు దూరంలో ఎవడో సైలెన్సర్ మార్చిన స్లెడ్ వేసుకుని వెళ్ళాడు. తర్వాత ఇరవై నిమిషాలు ఒక్క పిట్ట కూడా కూయలేదు. పన్నెండేళ్ళ పిల్లవాడికి అడవి అంటే యాక్సిలరేటర్ నొక్కే చోటు అని నేర్పిస్తామా?

డులూత్_దొర | జనవరి 10, సాయంత్రం 6:05

శారదక్కా, సైలెన్సర్ మార్చినవాణ్ణి మా క్లబ్బువాళ్ళే మొదట తిడతారు. అది ఇక్కడ చట్టవిరుద్ధం కూడా. 1970ల మధ్య నుంచే కంపెనీ స్లెడ్‌లకు మోత పరిమితి ఉంది: యాభై అడుగుల దూరంలో, పూర్తి వేగంలో 78 డెసిబెల్స్. డబ్బులు పోసి ఆ సైలెన్సర్ పీకి పెద్ద చప్పుడు చేసేది పెట్టుకునేవాడి బుద్ధి అది, బండిది కాదు.

ఇక ట్రైల్ సంగతి. మిన్నెసోటాలో 22 వేల మైళ్ళ స్లెడ్ ట్రైళ్ళున్నాయి. ఎక్కువ భాగం బాగుచేసేది ప్రభుత్వం కాదు, మాలాంటి క్లబ్బులవాళ్ళు. వాటిలో చాలా మైళ్ళు రైతుల పొలాల్లోంచి వెళతాయి. రైతు ఏటా సరే అంటేనే ట్రైల్. మన ఊళ్ళో గట్టు మీద నడవనిస్తాడు కానీ చేలో అడుగు పెడితే ఊరుకుంటాడా? ఇదీ అంతే.

ఇక్కడ పశువుల మేతకు అల్ఫాల్ఫా వేస్తారు. మన పశువుల ఆసుపత్రుల దగ్గర లూసర్న్ గడ్డి అని విత్తనాలిచ్చేవారే, అదే. మెత్తని మంచు దానికి దుప్పటి. దాని మీద స్లెడ్ వెళితే మంచు అణిగి గట్టి గడ్డవుతుంది, చలి వేళ్ళదాకా దిగుతుంది, వసంతంలో ఆ పట్టీ మేర గడ్డి చచ్చిపోతుంది. నాలుగేళ్ళ కిందట మా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు సరదాకి ట్రైల్ దిగి చేలో గుండ్రంగా తిప్పారు. పదిహేను నిమిషాల సరదా. ఆ రైతు మరుసటేడు గేటు వేసేశాడు. ఆరు మైళ్ళ చుట్టుదారి వెతకడానికి మాకు రెండు వేసవులు పట్టింది. మీవాడికి నేర్పాల్సిన మొదటి పాఠం ఇది: గుర్తు పలక లేనిచోట బండి తిప్పకూడదు.

రెండోది, మంచు చాలకపోతే బండి తీయకూడదు. 2023-24 చలికాలం గుర్తుందిగా, ఇక్కడి జంటనగరాల్లో (మిన్నియాపోలిస్, సెయింట్ పాల్) రికార్డులోకెల్లా వెచ్చనిది. బేర్‌గ్రీస్ కుక్కల పందెమే రద్దయింది. అయినా కొందరు ఉన్న రెండంగుళాల మీదే ఈడ్చుకెళ్ళారు. కింద నేల చెక్కుకుపోతుంది, చిన్న పైను మొక్కల తలలు తెగిపోతాయి. బండికీ నష్టమే. లిక్విడ్ కూలింగ్ బండ్లు మంచు ఎగిరి తగిలితేనే చల్లబడతాయి. ట్రాక్ కింద పట్టాలకి ప్లాస్టిక్ పట్టీలుంటాయి, హైఫ్యాక్స్ అంటాం. వాటికి తడి మంచే కందెన. అది లేకపోతే కరిగి అరిగి ముక్కలుగా ట్రైల్ మీదే రాలతాయి. ఆ ప్లాస్టిక్ ఎక్కడికి పోతుందో మూర్తిగారి అమ్మాయి చెబుతుంది.

వరలక్ష్మి_ఫార్గో | జనవరి 10, రాత్రి 8:40

నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ చెబుతాను. దొరగారు చెప్పిన 'దుప్పటి' మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే పిల్లలకు చెప్పాల్సిందంతా అక్కడే ఉంది.

మంచు బాగా పేరుకున్నాక నేలకీ మంచుకీ మధ్య సన్నని గుల్ల ఏర్పడుతుంది. పైన మైనస్ ముప్ఫై ఉన్నా అక్కడ సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. చిట్టెలుకలు, చుంచులు చలికాలమంతా అందులోనే తిరుగుతూ, తింటూ, ఒక్కోసారి పిల్లల్ని కూడా పెడుతూ బతుకుతాయి. నక్క మంచులోకి ముక్కు పొడిచి దూకే దృశ్యం టీవీలో చూసే ఉంటారు, అది వింటున్నది ఆ కిందివాళ్ళ చప్పుడే. స్లెడ్ ఒక్కసారి వెళ్ళినా చాలు, ఆ గుల్ల కూలి, మంచు గట్టిపడి, చలి కిందికి దిగుతుంది. మిన్నెసోటాలోనే 1970ల మొదట్లో దీని మీద పరిశోధన చేశారు, అణిగిన మంచు కింద చిన్న జంతువులు ఎక్కువగా చచ్చిపోతున్నాయని తేలింది.

రఫ్డ్ గ్రౌస్ అని మన అడవికోడి లాంటి పక్షి ఉంది. చలి ఎక్కువైతే ఎగురుతూ వచ్చి మెత్తని మంచులోకి దబ్బున దూకి, లోపల గూడు చేసుకుని పడుకుంటుంది. పైకి ఏమీ కనబడదు. "ఎవరూ తొక్కని తెల్లటి మంచు" అని మీవాడు మురిసిపోయే చోటే అది నిద్రపోతూ ఉండొచ్చు.

అందుకే నేను స్లెడ్‌లు వద్దనను. ఇప్పటికే అణిగిన ట్రైల్ మీద వందో బండి వెళితే కొత్తగా పోయేది తక్కువ. కొత్త మంచు మీద మొదటి బండి వెళితేనే పోయేది ఎక్కువ. శారదగారూ, ఆ మాటకొస్తే స్నోషూలూ మంచును అణుస్తాయి, తక్కువే అనుకోండి.

జింకల గురించి ఒక్క ముక్క. తెల్లతోక జింకలు చలికాలంలో సెడార్ చెట్ల కింద గుంపుగా చేరి, వేసవిలో దాచుకున్న కొవ్వు మీద బతుకుతాయి. దాన్ని ఒకసారి బెదరగొట్టి పరిగెత్తిస్తే మార్చి నెల తిండి జనవరిలో ఖర్చుపెట్టించినట్టు. ట్రైల్ మీద కనబడితే దూరంగానే ఆగండి, దాన్ని పోనివ్వండి. వెంబడించడం మాత్రం పిల్లల ఆటగా కూడా ఊరుకోకండి.

మేపుల్‌గ్రోవ్_మూర్తి | జనవరి 10, రాత్రి 9:30

వరలక్ష్మిగారూ, మీ పోస్టు అక్కాతమ్ముళ్ళిద్దరికీ గట్టిగా చదివి వినిపించాను. మావాడు "అంటే నేను ఎలుక ఇంటి కప్పు మీద తోలుతున్నానా?" అన్నాడు. అమ్మాయి మొదటిసారి నవ్వింది. దాని ప్రశ్న ఒకటి, దాని మాటల్లోనే రాస్తున్నా: "ఎలక్ట్రిక్ స్లెడ్ లేదా?"

ఎమ్మెస్_హాటన్ | జనవరి 10, రాత్రి 10:02

ఉంది తల్లీ. మా పోటీలో ఎలక్ట్రిక్ విభాగం కూడా ఉండేది. గ్రీన్‌లాండ్‌లో మంచు నమూనాలు తీసే శాస్త్రవేత్తలకు పొగ లేని బండి కావాలని పెట్టారు. అమ్మకానికి మొదట తెచ్చింది మాంట్రియల్‌లోని టైగా. ఆ కంపెనీ 2024లో అప్పుల్లో పడి చేతులు మారింది. స్కీ-డూ అనే స్లెడ్ బ్రాండు కూడా ఎలక్ట్రిక్ మోడళ్ళు తెచ్చింది, ఒక చార్జికి 50 కిలోమీటర్ల దాకా అంటారు. నాన్నగారి జేబుకీ ట్రైల్ దూరాలకీ ఇంకా కుదరదు. మోత మాత్రం అసలుండదు, మంచు మీద ట్రాక్ తిరిగే చప్పుడు తప్ప.

ఔలు_ఆనంద్ | జనవరి 11, తెల్లవారుజాము 3:15

ఫిన్లాండ్ నుంచి. ఇక్కడ పదిహేనేళ్ళు నిండందే ట్రైల్ మీద స్లెడ్ నడపకూడదు. స్వీడన్‌లో పదహారు, దానికో డ్రైవింగ్ సర్టిఫికెట్. నార్వేలో అయితే 1977 చట్టం ప్రకారం సరదాకి స్లెడ్ తోలడమే సాధారణంగా నిషేధం. 2015 నుంచి మాత్రం మునిసిపాలిటీలు గుర్తించిన దారులు వేసుకోవచ్చు. ఉత్తరాన ఉండే ఆదివాసులు సామీలకు మాత్రం స్లెడ్ ఆటవస్తువు కాదు, రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే పనిముట్టు, మన రైతుకి ట్రాక్టరెలాగో అలాగ. నా కొలీగ్ ఒకాయన అంటూ ఉంటాడు: టూరిస్టు స్లెడ్‌లు మందను బెదరగొడితే మళ్ళీ పోగుచేయడానికి రోజులు పడుతుందట.

మీ పన్నెండేళ్ళ రూలు చూసి మా ఆవిడ నోరు తెరిచింది.

బోజ్‌మన్_భాను | జనవరి 11, ఉదయం 10:20

ఆలస్యంగా వచ్చాను. మా పక్క యెల్లోస్టోన్ నేషనల్ పార్కు కథ తెలిస్తే టూ-స్ట్రోక్ కొనాలన్న ఆలోచనే పోతుంది. 1990ల్లో అక్కడ చలికాలంలో టూ-స్ట్రోక్ స్లెడ్‌లు వందల్లో బారులు తీరేవి. వెస్ట్ గేటు దగ్గర పొగకు తట్టుకోలేక రేంజర్ల గదుల్లోకి మంచి గాలి పంపు చేశారు, ఆ తర్వాత రేంజర్లు మాస్కులు కట్టుకుని టిక్కెట్లు ఇచ్చారు. 2001 జనవరిలో క్లింటన్ ప్రభుత్వం దశలవారీగా నిషేధిస్తూ రూలు తెచ్చింది. తర్వాత వచ్చిన బుష్ ప్రభుత్వం దాన్ని తిరగదోడింది. కోర్టులు అటూ ఇటూ తీర్పులిచ్చాయి. పన్నెండేళ్ళ తగాదా తర్వాత 2013లో చివరి నిబంధనలొచ్చాయి.

ఇప్పుడు రోజుకి ఇన్ని గుంపులే అని లెక్క, బండి పొగకీ మోతకీ పరిమితి. మోత 67 డెసిబెల్స్ లోపు ఉండాలి. పార్కు రోడ్డు దాటి మంచులోకి దిగడానికి లేదు. నడిపేవాడికి డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, కాబట్టి మూర్తిగారబ్బాయి అక్కడికొస్తే వెనక సీటే. మేం పోయిన ఫిబ్రవరిలో వెళ్ళాం. అడవిదున్నల్లాంటి బైసన్ గుంపు ఎదురొస్తే గైడు అందరిచేతా ఇంజిన్లు ఆపించాడు. పాతిక గజాల దూరం తప్పనిసరి. అవి మా పక్కనుంచి తాపీగా నడిచి వెళ్ళాయి, ఊపిరి శబ్దం వినబడింది.

శారద_రోచెస్టర్ | జనవరి 11, మధ్యాహ్నం 12:10

భానుగారూ, చూశారా, ఇంజిన్లు ఆపాకే కదా ఊపిరి వినబడింది!

డులూత్_దొర | జనవరి 11, మధ్యాహ్నం 12:35

శారదక్క గెలిచింది. ఈ థ్రెడ్డుకి ఇది చాలు :)

కానీ ఒకటి మర్చిపోయాను, చెరువు మీద పెట్రోలు పోయకండి. ఐస్ ఫిషింగ్‌కి వెళ్ళేవాళ్ళు చాలామంది డబ్బాతో అక్కడే పోస్తారు, ఒలికింది ఐసు మీదే ఉండి కరిగాక నీళ్ళలో కలుస్తుంది. ఒడ్డున, గరాటుతో పోయండి. అసలు చెరువు మీదికి వెళ్ళాలంటే కొత్త గట్టి ఐసు స్లెడ్‌కి కనీసం ఐదు నుంచి ఏడు అంగుళాలు. తెల్ల ఐసైతే దానికి రెట్టింపు. కొలవకుండా వెళ్ళొద్దు.

మేపుల్‌గ్రోవ్_మూర్తి | జనవరి 26, రాత్రి 9:05

అందరికీ చెప్పాలి కదా ఏమైందో.

1998 బండి కొనలేదు. పక్కింటాయన ఏమనుకుంటాడో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "నేను కూడా ఇరవై ఏళ్ళు ఆ పొగ పీల్చాను, ఇప్పుడు దగ్గుతున్నాను" అన్నాడు. ఆయనే వెతికి సెకండ్ హ్యాండ్ 200 సీసీ ఫోర్-స్ట్రోక్ ఇప్పించాడు. అనుకున్నదానికి మూడింతలైంది. మా ఆవిడకు రెండింతలని చెప్పాను, ఈ వేదికలో ఆవిడ లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

పిడుగుగారి లెక్క ప్రకారం దూరం వెళ్ళలేదు. ఇంటికి ఇరవై మైళ్ళలో ఉన్న క్లబ్బు ట్రైల్‌కే రెండు శనివారాలు వెళ్ళాం. అందులో ఒక శనివారం బండి దించకముందే మంచు చాలదని పక్కింటాయన వద్దన్నాడు. మావాడు ట్రైలర్ మీదే బండెక్కి కూర్చుని పావుగంట అలిగాడు. ఆ రోజు తొక్కడం బదులు క్లబ్బువాళ్ళతో కలిసి ట్రైల్ మీద పడిన కొమ్మలు ఈడ్చాం. ఒక సంచీ నిండా బీరు డబ్బాలు, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, ఒక ఎడమచేతి గ్లవ్ దొరికాయి.

అమ్మాయి కూడా వచ్చింది. బండెక్కలేదు. స్నోషూలేసుకుని ట్రైల్ పక్కన ఏ జంతువు అడుగులున్నాయో ఫొటోలు తీసింది. ఒకచోట మంచులో గుంట, దాని రెండు వైపులా రెక్కల గీతలు. వరలక్ష్మిగారూ, ఫొటో పెడుతున్నా. అది గ్రౌసేనా?

వరలక్ష్మి_ఫార్గో | జనవరి 26, రాత్రి 9:41

గ్రౌసే! లోపల్నుంచి ఎగిరి వెళ్ళిన గుంట అది. రెక్కల గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి. ట్రైల్‌కి ఎంత దూరంలో ఉంది?

మేపుల్‌గ్రోవ్_మూర్తి | జనవరి 26, రాత్రి 9:44

అమ్మాయి అడుగులు లెక్కపెట్టింది. పదకొండు.

కోనసీమ_కాకి | జనవరి 26, రాత్రి 10:15

పాప్‌కార్న్ అయిపోయింది. ఇంతకీ ఆ ఎడమచేతి గ్లవ్ ఏ సైజు? మా బావమరిది మిన్నెసోటాలో ఒకటి పారేసుకున్నాడు.